గుక్క తిప్పుకోని పద్యం

2021 మే నెలలో నరసరావుపేట చుట్టుపక్కల రోజూ సాయంత్రం రేడియోలో ఒక చల్లని గొంతు వినిపించేది. ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే అంత భయంలోనూ జనం నవ్వి ఉండేవాళ్ళు. అద్దె ఇంటి పడగ్గదిలో, బీరువాకీ గోడకీ మధ్య సందులో, ఫ్యాను ఆపేసి, తల మీదుగా పాత బొంత కప్పుకుని, చెమటతో తడిసి ముద్దయిపోతూ కూర్చున్న ఫిలోమినా నోట్లోంచి వచ్చేదది. బయటి చప్పుళ్ళు మైకులో పడకుండా ఉండాలంటే అంతకన్నా మంచి ఏర్పాటు ఆ ఇంట్లో కుదరలేదు. ఆమె భర్త యేసుపాదం ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య "రికార్డింగ్" అని కేకెయ్యగానే కుక్కరు దించడం, కిటికీలు మూయడం, వీధిలో కూరగాయల బండివాణ్ణి కళ్ళతోనే బతిమాలి పంపించడం ఇప్పుడాయన డ్యూటీ.

ఫిలోమినా అసలు టీచరు. పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. శని, ఆదివారాలు ఒక సేవాసంస్థ నడిపే చిన్న రేడియోలో కార్యక్రమాలు చేసేది. చుట్టుపక్కల నాలుగు మండలాలు దాటితే వినపడని రేడియో అది. కరోనా వచ్చి స్కూలు మూసేశాక రేడియోనే ఆమెకు పూర్తి పనైంది. రెండో ఏడు కరోనా మళ్ళీ విరుచుకుపడేసరికి స్టూడియోలో ఇద్దరికి పాజిటివ్ వచ్చి తాళం పడింది. దాంతో మేనేజరు సుధీర్ బాబు అందర్నీ ఇళ్ళ దగ్గర్నుంచే చెయ్యమన్నాడు. ఆమె కార్యక్రమం పేరు 'పలకరింపు'. ఫోన్లో మనుషుల్ని పలకరించి మాట్లాడించడమే అందులో పని. ఒకరోజు నాటకాలవాళ్ళు, పాటలవాళ్ళు. ఒకరోజు డాక్టర్లు, సైన్సు మాస్టార్లు. ఒకరోజు ఇంట్లో బందీలైపోయిన మామూలు మనుషులు.

సుధీర్ బాబు ఒకటే షరతు పెట్టాడు. "మేడమ్, జనం ఇప్పటికే హడలి చస్తున్నారు. మన దగ్గర దగ్గు వినపడకూడదు, ఏడుపు వినపడకూడదు. ధైర్యం వినపడాలి."

ఆ షరతు ఆమెకి నచ్చింది. నచ్చక చస్తుందా, ఆమెకున్నంత భయం వీధిలో ఇంకెవరికీ లేదు. యేసుపాదానికి షుగరు. ఆయన తుమ్మితే ఈమె థర్మామీటరు పట్టుకొచ్చేది. పాల ప్యాకెట్లు సర్ఫు నీళ్ళలో ముంచి తీసేది. చర్చి వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే ఎవరో ఒకరి ఫోటో, కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆ గ్రూపు తెరవడం మానేసింది. పక్కింట్లో కుక్కరు కూతేసినా అంబులెన్సనుకుని ఉలిక్కిపడేది. ఫోను మోగితే ముందు శిలువ గుర్తు వేసుకుని, తర్వాత పేరు చూసేది. ఇంత భయస్తురాలు మైకు ముందుకొస్తే మాత్రం ఆ గొంతులో వణుకన్నది ఉండేది కాదు. విన్నవాళ్ళు ఈవిడెంత గుండె నిబ్బరం గల మనిషో అనుకునేవాళ్ళు.

అది ఆమెకి ఒకాయన నేర్పిన విద్య. ఫిలోమినా పుట్టింది రొంపిచెర్ల దగ్గర ఒక పల్లెలో. వాళ్ళ చర్చిలో క్రిస్మస్ పాటలకి హార్మోనియం వాయించడానికి ఊళ్ళోంచి శివరామయ్య వచ్చేవాడు. ఆయన క్రైస్తవుడేం కాదు, పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టే మనిషి. ఆయన పద్యం ఎత్తుకుని చివర్లో రాగం తీస్తే, గుక్క తిప్పుకోకుండా ఎంతసేపు లాగుతాడో చూడాలని మాచర్ల, గురజాల నుంచి ఎడ్లబండ్లు కట్టుకొచ్చేవాళ్ళట. ఆయన ఆపేసరికి వింటున్నవాళ్ళు ఊపిరి తీసుకునేవాళ్ళు. వెంటనే పందిరి ఎగిరిపోయేట్టు "వన్స్ మోర్" అని అరుపులు. గుక్క శివరామయ్య అంటేనే తప్ప ఉత్త శివరామయ్య అంటే ఆయన ఇల్లు చూపించేవాళ్ళు కారు.

ఆ శివరామయ్య ఒక క్రిస్మస్‌కి, బైబిలు పాఠం చదువుతున్న పదేళ్ళ ఫిలోమినాని ఆపి, "అమ్మాయ్, గొంతు బాగుంది గానీ గుక్క తిప్పుకున్నప్పుడల్లా ఇనపడుతోంది. నీ ఆయాసం జనానికెందుకు? వాళ్ళకి మాట ఒక్కటే ఇనపడాల" అన్నాడు. ఎక్కడ దొంగతనంగా గాలి పీల్చాలో, ఎట్లా మాట కింద దాన్ని దాచాలో పిట్టగోడ మీద కూర్చోబెట్టి నేర్పాడు. ఆ పిల్ల పెద్దయ్యాక రేడియోలో చేసిందీ అదే పని. ఎవరితో మాట్లాడినా, తర్వాత కంప్యూటర్లో కూర్చుని వాళ్ళ ఊపిరులు, దగ్గులు, నీళ్ళు నమలడాలు కోసిపారేసేది. కత్తిరించిన చోటు ఎవడూ పట్టుకోలేడు. సుధీర్ బాబు కొత్తగా చేరిన పిల్లలకి ఆమె ఫైళ్ళు వినిపించి, "అతుకెక్కడుందో చెప్పండి చూద్దాం" అనేవాడు. ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. ఆమెకి దాని మీద కాస్త గర్వం ఉండేది, లేదని ఆమె కూడా అనదు.

మే నెల మధ్యలో శివరామయ్యకి పాజిటివ్ వచ్చిందని తెలిసింది. డెబ్భై దాటిన మనిషి. భార్య ఎప్పుడో పోయింది. కూతురు ధరణి, అల్లుడు శ్రీకాంత్, వాళ్ళ మూడేళ్ళ పిల్ల ఆయన దగ్గరే ఉంటారు. పిల్లకి అంటుతుందేమోనని ఆయనే మంచం ఎత్తించుకుని పొలంలో మోటారు షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో పల్లెల్లో చాలామంది అట్లాగే చేశారు. ఆస్పత్రి అన్న మాటంటేనే వణుకు. పోయినవాడు తిరిగి రాడు, వచ్చినా ప్లాస్టిక్ కవర్లో వస్తాడు, మొహం కూడా చూపించరు అని ఊరూరా అనుకుంటున్న రోజులు. పొలం, గాలి, వేపచెట్టు నీడ చాలు, పది రోజులు పడుకుంటే అదే పోతుందని అందరి నమ్మకం.

ఫిలోమినా ఫోన్ చేసి, "బాబాయ్, ఒక్క పావుగంట మాట్లాడండి, మీ గొంతు వింటే జనానికి ధైర్యం వస్తది" అంది.

"రేడియోనా? ఎందుకు మాట్టాడను?" అన్నాడు శివరామయ్య. గొంతులో సంబరం.

మర్నాడు పొద్దున బొంత కింద దూరి రికార్డింగ్ మొదలుపెట్టింది. షెడ్డు ఎట్లా ఉంది బాబాయ్ అని అడిగింది.

"పైన రేకులు, పక్కన మోటారు, కింద నవారు మంచం. రాజుగారి కొలువే. మా ధరణి క్యారియర్ తెచ్చి గట్టు మీద పెట్టి, దూరంగా నిలబడి... చెయ్యూపుద్ది. నేనూ ఊపుతా. పరదా ఎత్తంగానే రాజు... ఊపినట్టు."

మాటల మధ్య ఆగుతున్నాడు. ఆగినచోటల్లా సన్నగా ఈలలాంటి చప్పుడు. గాలి అనుకుంది ఫిలోమినా. పొలంలో ఫోను కదా, సిగ్నలు సరిగ్గా లేదనుకుంది. ఇవన్నీ కోసేయాలి అని మనసులో గుర్తు పెట్టుకుంది. కోయాల్సిన చప్పుడుగానే విన్నది తప్ప, మనిషి ఊపిరిగా వినలేదు.

చివర్లో పద్యం పాడమంది. శివరామయ్య ఎత్తుకున్నాడు. ఎత్తుగడ పాత శివరామయ్యే, ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఆపైన తెగింది. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ తెగింది. చివరి రాగం ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగింది.

"అమ్మాయ్," అన్నాడు, బాగా తగ్గిన గొంతుతో. "నాలుగు చోట్ల తెగింది గదా. నాకూ తెలుసులే. ఎండకి రేకుల కింద గాలాడటంలా. నీకు అతికిచ్చే మిషనుందంటగా. అతికిచ్చు. శివరామయ్య పద్యంలో ఆగాడంటే... నాకు తలకొట్టేసినట్టే."

"మీరు దిగులుపడమాకండి బాబాయ్. నే చూసుకుంటాగా. ఆ రోజు పిట్టగోడ మీద నేర్పింది మీరేగా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆమె రికార్డింగ్ ఆపేసింది.

ఆ మధ్యాహ్నమంతా ఆ పద్యం మీదే కూర్చుంది. ఇంత శ్రద్ధగా ఆమె ఏ పనీ చేసి ఉండదు. ఒక ముక్క చివర్లో ఉన్న రాగాన్ని సాగదీసి, తర్వాతి ముక్క మొదట్లోకి జార్చి, మధ్య ఊపిరి తీసేసి, నాలుగు అతుకులూ వేసింది. కళ్ళు మూసుకుని విన్నది. శివరామయ్య నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయి పాడుతున్నాడు. సంతోషం పట్టలేక యేసుపాదాన్ని పిలిచి వినిపించింది.

"ఎక్కడన్నా ఆగాడా?"

"యాడా ఆగలా. ముసలాయన గట్టోడేనే!" అన్నాడు యేసుపాదం.

లాప్‌టాప్‌లో చోటు ఉండదు కాబట్టి, ఎప్పట్లాగే అసలు రికార్డింగు తీసేసి, అతికించింది మాత్రం సుధీర్ బాబుకి పంపింది.

సాయంత్రం పద్యం గాల్లోకి వెళ్ళింది. ఫోన్లే ఫోన్లు. ఎన్నాళ్ళకో ఫోను మోగితే భయపడకుండా ఎత్తింది. ఆఖర్న ధరణి చేసింది, ఏడుస్తూ నవ్వుతూ.

"ఫిలోమినక్కా, నాన్న పాట విన్నావా! మేం ఇంటిముందు సౌండ్ బాక్సు పెట్టాం, వీధంతా విన్నారక్కా. నాలుగు రోజుల్నుంచి ఆయన ఫోనెత్తి రెండు ముక్కలు మాట్టాడి పెట్టేస్తున్నాడు. నాకు ఒకటే గుబులు. రేప్పొద్దున కారు మాట్టాడి పేట తీసుకెళ్దామని ఈయన రెడీ అయ్యాడు కూడా. ఇట్టా గుక్క తిప్పుకోకుండా పాడే మనిషిని తీసకపోయి ఆస్పత్రిలో ఎట్టా పడేస్తాం? ఆ వార్డుల్లో లేని రోగం అంటిద్ది. వద్దన్నా. చానా సంతోషం అక్కా, మా ప్రాణం కుదుటపడేట్టు చేశావు."

"మంచిదమ్మా" అంది ఫిలోమినా. అప్పటికి ఆమెకి ఏమీ తోచలేదు. పైగా ఆ పూట అన్నం కూడా కాస్త ఎక్కువే తింది.

మర్నాడు సైన్సు రోజు. పేటలో కొవిడ్ వార్డులో పనిచేసే డాక్టర్ భవిత చిన్నపిల్లలాంటి అమ్మాయి. డ్యూటీ మధ్య చెమటతో తడిసిన పీపీఈ సూటు విప్పుకుని, ఇరవై నిమిషాలు టైముందని ఫోన్ చేసింది. ఫిలోమినా బొంత కప్పుకుని, చల్లని గొంతు తెచ్చుకుని, ఇంట్లో ఉండి వైద్యం చేసుకునేవాళ్ళు ఎప్పుడు భయపడాలి డాక్టర్ గారూ అని అడిగింది.

"అందరూ దగ్గుకి భయపడతారండీ. నేను దానికి భయపడను. మనిషి బాగానే ఉన్నా అంటాడు. నవ్వుతాడు, ఇడ్లీ తింటాడు. లోపల ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది, ఆయనకే తెలియదు. వేలికి పెట్టే మిషను మీ ఇంట్లో లేకపోతే ఆయన మాట వినండి. ఒక వాక్యం ఒక గుక్కలో చెప్పలేక మధ్యలో ఆగుతున్నాడంటే ఇంక ఆలోచించొద్దు. ఎండ అనుకోవద్దు, నీరసం అనుకోవద్దు. వెంటనే తీసుకొచ్చేయండి. రేపు చూద్దాం అనుకున్నవాళ్ళే నా వార్డులో ఎక్కువ."

బొంత కింద చీకట్లో ఫిలోమినాకి ఆ ఈల చప్పుడు మళ్ళీ వినపడింది, ఆమె తన చేత్తో కోసి పారేసిన చప్పుడు. 'చెయ్యూపుద్ది' అన్న మాట దగ్గర ఒకటి. 'రాజు' దగ్గర ఒకటి. పద్యంలో నాలుగు.

"మేడమ్? లైన్లో ఉన్నారా?"

"డాక్టర్ గారూ..." రేడియో గొంతు ఎటో పోయింది, పల్లెటూరి పిల్ల గొంతు మిగిలింది. "పద్యం పాడేటప్పుడు మధ్యలో ఆగితే? పెద్దాయన. అంతకుముందు ఎప్పుడూ ఆగేవాడు కాదు."

"పాజిటివ్ పేషెంటా? ఎన్ని రోజులైంది?"

"వారం దాటింది."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పొలంలో, మోటారు షెడ్డులో."

"ఇంకా పొలంలో ఎందుకున్నారండీ?" అంది డాక్టర్ భవిత.

ఫిలోమినా బొంత విసిరికొట్టి బయటికొచ్చింది. శివరామయ్యకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మూడోసారి ఎత్తాడు. మీరు మాట్లాడే తీరు బాగాలేదు బాబాయ్, ధరణికి చెబుతా, ఆస్పత్రికి వెళ్ళాలి అంది.

"చెప్పమాక." ఆగాడు. "అమ్మాయ్, చెప్పమాక. నన్ను ఆ కవర్లో... చుట్టిస్తారు. నా పొలంలో నన్ను... పోనీ. నా మీద ఒట్టు."

"బాబాయ్..."

"పద్యం బాగా అతికిచ్చావు. షెడ్డులో... ఫోన్లో విన్నా. నేనే నమ్మేశా."

ఫోన్ పెట్టేశాడు.

ఫిలోమినా యేసుపాదానికి అంతా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. మంచివాడే పాపం, కానీ భయం మంచివాళ్ళ చేత కూడా ఏవేవో మాట్లాడిస్తుంది.

"ఏమే, ఇప్పుడు నువ్వు పోయి, ఆ పాట నిజంగా అట్టా పాడలా, నేనే అతికిచ్చానని చెబితే ఏమయిద్దో తెలుసా? ముసలాయనకి ఏదన్నా జరిగితే, రేడియోలో అబద్ధం ఏసి మనిషిని చంపింది ఈమే అంటారు. మీ ఊళ్ళో మొహం ఎత్తుకోగలవా? ఒట్టు కూడా పెట్టాడు కదా పెద్దాయన. వాళ్ళే చూసుకుంటార్లే."

ఆ మాట వినగానే ఆమెకి హాయిగా అనిపించింది. నిజం చెప్పాలంటే అదే ఆ రోజంతటిలో ఆమెని ఎక్కువ భయపెట్టిన సంగతి. వాళ్ళే చూసుకుంటారు అనుకుంటే ఎంత సుఖం! వంటింట్లోకి వెళ్ళింది. పప్పు కడిగింది. కడిగిన పప్పునే మళ్ళీ కడిగింది. వాళ్ళు దేన్ని చూసుకుంటారు? వాళ్ళ దగ్గరున్నది తన అతుకుల పాట ఒక్కటే. గట్టు మీద క్యారియర్ పెట్టి దూరం నుంచి చెయ్యూపే కూతురికి ఆ ఈల ఎక్కడినుంచి వినపడుతుంది? అసలు రికార్డింగు కూడా లేదు, తుడిచేసింది. ఆ తెగిన నాలుగు చోట్లూ ఉన్నది ఇప్పుడు శివరామయ్య ఛాతీలో, తన చెవిలో.

కర్ఫ్యూ మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. ధరణికి ఫోన్ చేసింది.

"ధరణీ, నాన్నని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకురండి. ఆయనకి ఊపిరి అందడంలా."

ధరణి నవ్వింది. "నీకెవరు చెప్పారక్కా? నిన్న పాడింది వినలా నువ్వు?"

"అది ఆయన పాడింది కాదమ్మా."

"అంటే?"

"పాడింది ఆయనే. మధ్యలో ఆగిపోయాడు, నాలుగు చోట్ల. ఊపిరి అందక. నేను అవి కోసేసి అతికించా. మాటలు కూడా అట్టాగే. ఆయనే అడిగాడు. నేను చేశా. నువ్వు విన్నది నా పని ధరణీ. మీ నాన్న ఊపిరి కాదు."

అవతల పిల్ల ఏదో అడగడం, గిన్నె కిందపడిన చప్పుడు వినపడ్డాయి. ఫిలోమినా తిట్లకి సిద్ధంగా నిలబడింది. తిట్లు రాలేదు. "ఏమయ్యో, కారు!" అని ధరణి పెట్టిన కేక వినపడి ఫోన్ ఆగిపోయింది.

తర్వాత జరిగింది శ్రీకాంత్ చెప్పగా తెలిసింది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు వేలికి పెట్టే మిషను తీసుకుని వెంట వచ్చాడు. షెడ్డులో శివరామయ్య మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని ఉన్నాడు. వేలికి పెడితే అంకె మరీ తక్కువ వచ్చింది. ఆర్ఎంపీ నమ్మక బ్యాటరీలు తీసి వేరేవి వేశాడు. అంకె మారలేదు. శివరామయ్య అందర్నీ ఎగాదిగా చూసి, "ఆ పిల్ల చెప్పేసింది గదా" అన్నాడట. కోపమా, ఇంకేమన్నానా అన్నది శ్రీకాంత్‌కి అర్థం కాలేదు. దువ్వెన అడిగి జుట్టు దువ్వుకుని, కండువా సరిచేసుకుని కారెక్కాడట.

బెడ్డు లేదన్నారు. ఫిలోమినా డాక్టర్ భవితకి ఎన్నిసార్లు చేసిందో, చివరికి ఆ అమ్మాయి విసుక్కుని, విసుక్కుంటూనే వార్డులో ఒక మూల మంచం ఇప్పించింది. ఫిలోమినా ఇంట్లోనే కూర్చుంది. యేసుపాదాన్ని వదిలి ఆస్పత్రి గడప తొక్కడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ప్రార్థన చేయబోతే మాటలు దొరికేవి కావు. ఫోను మోగితే శిలువ గుర్తు వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

ఒకరోజు డాక్టర్ భవిత నంబరు నుంచి ఫోను వచ్చింది. "మీతో మాట్లాడాలని సైగ చేస్తున్నారండీ. మాస్కు తీయలేం, చెవి దగ్గర పెడుతున్నా" అంది.

"బాబాయ్" అంది ఫిలోమినా.

మాట రాలేదు. ఊపిరి ఒక్కటే వినపడింది. లోపలికి పోవడానికి ఒక యుద్ధం, బయటికి రావడానికి ఒక యుద్ధం. మధ్యలో ఆక్సిజన్ బుడబుడ. ఆమె ఇన్నేళ్ళుగా కోసి పక్కన పారేసిన చప్పుడంతా వడ్డీతో సహా తిరిగొచ్చి చెవిలో కూర్చుంది. తిడుతున్నాడో, ఏదన్నా చెబుతున్నాడో, వూరికే నేనింకా ఉన్నా అంటున్నాడో తెలియలేదు. ఫోను పెట్టేసేదాకా ఆమె కదలకుండా విన్నది. అవతల డాక్టర్ ఫోను తీసుకున్నాక కూడా ఆమె చెయ్యి చెవి దగ్గర అట్లాగే ఉండిపోయింది.

ఆ వారంలోనే శివరామయ్య పోయాడు. ఆయన భయపడ్డట్టే చుట్టి ఇచ్చారు. కాకపోతే డాక్టర్ భవిత మొహం దగ్గర కాస్త తెరిచి, దూరం నుంచి ధరణికి చూపించింది. ఊరు ఊరంతా తలుపులేసుకుని ఉన్న పూట నలుగురు మనుషులు ఆయన్ని సాగనంపారు.

కొన్నాళ్ళ తర్వాత ఫిలోమినా డాక్టర్‌ని అడిగింది. కొన్ని గంటల ముందు, ధరణి వాళ్ళు మొదట అనుకున్నట్టే ఆ పొద్దున తెచ్చి ఉంటే?

"చెప్పలేమండీ" అంది డాక్టర్ భవిత. అంతకుమించి ఎన్నిసార్లు అడిగినా ఆ మాటే అంది.

చెప్పలేమండీ అన్న మాటతో బతకడం ఎంత కష్టమో బతికితే గానీ తెలియదు. అవునని ఉంటే ఏడ్చి ఊరుకునేది. కాదని ఉంటే ఊపిరి పీల్చుకునేది. ఆ రెంటి మధ్యా ఆమెకి ఇల్లు కట్టి ఇచ్చేశారు. మనుషులు మాట్లాడుతుంటే మాట కాకుండా, మాటకీ మాటకీ మధ్య వినడం అలవాటైంది. యేసుపాదం పేపరు పైకి చదివితే ఎక్కడ ఆగుతున్నాడో వింటూ నిలబడేది. ఆయన విసుక్కుని పేపరు చదవడం మానేశాడు. రేడియోలో మాత్రం ఒకటే మారింది, ఇంక ఎవరి ఊపిరీ కోయలేదు. దగ్గులు, ఆయాసాలు, నీళ్ళు మింగడాలు అన్నీ వెళ్ళిపోయేవి. "మేడమ్, క్వాలిటీ పడిపోతోంది" అని సుధీర్ బాబు గొణిగాడు. "పడిపోనీ సార్" అంది. భయపడే మనిషి అట్లా అనేసరికి ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం నాడు ఊళ్ళో పందిరి వేసి నాటకాలవాళ్ళంతా కలిసి శివరామయ్యని తలుచుకుందామనుకున్నారు. ఆయనకి అప్పుడు జరగని మర్యాద ఇప్పుడు జరిపిద్దామని వాళ్ళ ఉద్దేశం. ధరణి ఫోన్ చేసింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ.

"అక్కా, నాన్న పద్యం నీ దగ్గరుందిగా. పెన్ డ్రైవులో వేసుకురా."

"ధరణీ, అది..."

"అదే. అతికించిందే. ఆయన పరువు ఆయనకి ఉండనీ. నువ్వు మాత్రం వచ్చి నా పక్కన కూర్చో."

ఫిలోమినా వెళ్ళింది. పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మాస్కులు కొందరికే ఉన్నాయి, అవీ గడ్డం కిందకి దిగి ఉన్నాయి. స్టేజీ మీద పూలదండ వేసిన ఫోటోలో శివరామయ్య కిరీటం పెట్టుకుని ఉన్నాడు. ధరణి ఆమెని ముందు వరసలో పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. "ఎక్కడెక్కడ తెగిందో నాకు చెప్పు. చెయ్యి నొక్కు చాలు" అంది చెవిలో.

పద్యం మొదలైంది. పెద్ద బాక్సుల్లోంచి శివరామయ్య గొంతు పొలాల మీదికి వెళ్ళిపోయింది. జనం ఊపిరి బిగపట్టారు. ఫిలోమినా మాత్రం పద్యం వినలేదు, అతుకు కోసం కాచుకుని కూర్చుంది. మొదటిది వచ్చింది. తను ధరణి చెయ్యి నొక్కింది. ధరణి ఒక్కసారి కదిలి, కళ్ళు మూసుకుంది. రెండోది. మూడోది. పై రాగం పందిరిని లేపేస్తోంది. నాలుగోది వచ్చేసరికి ధరణి గోళ్ళు ఆమె అరచేతిలో దిగిపోయాయి.

పద్యం ఆగింది. వెనక ముసలాయన ఎవరో, "చూశావంటరా, చచ్చేముందు కూడా గుక్క తిప్పుకోలా!" అన్నాడు. ఇంక పందిరంతా లేచి నిలబడింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మైకు దగ్గరున్న మనిషి నవ్వుతూ ధరణి వైపు చూశాడు. వెయ్యమంటారా అని అడుగుతున్నాడు. ఫిలోమినా వద్దు వద్దని తల ఊపబోయింది. ధరణి వెయ్యమని చెయ్యెత్తింది, పరదా ఎత్తగానే రాజు ఊపినట్టు.

రెండోసారి మొదలైంది. ఈసారి ఫిలోమినా నొక్కాల్సిన పని లేకపోయింది. నాలుగు చోట్లా ధరణే ముందు నొక్కింది.